ఇంజను ఆపినా ఆగని అదురు

మా పెట్రోలు బస్సుకి డీజిలు ఇంజను వేయించిన వారానికే కాళ్ళ కింద పలకలు అదరసాగాయి. నేను దాని డ్రైవర్ని. ఇంజను మార్చినప్పుడు గేరుబాక్సు కింద రబ్బరు దిమ్మ వెయ్యాలి. మన కొబ్బరితోటల సీమలో పీచుకేం తక్కువని యజమానిగారు కొబ్బరిపీచు దట్టించారు. నూనె తాగి పీచు అణిగింది. గేరుబాక్సు దిగబడి, వెనక చక్రాల్ని తిప్పే షాఫ్టు వంకరపడిందని ఆయనకి చెప్పాను.

"డీజిలన్నాక అదరదేంట్రా? నువ్వా నాకు చెప్పేది? నోర్మూసుకుని తోలు!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ముక్తేశ్వరం దారిలో బస్సుని కాలవ వంతెన ఎక్కించాను. దిగుడులో వేగం అందుకోగానే గేరు తీసేసి ఇంజను ఆపేశాను. బస్సు చప్పుడు లేకుండా జారుతోంది. ఆయన చేతికర్ర మాత్రం పలక మీద టకటకా కొట్టుకుంటోంది.

"ఇంజను ఆగిపోయిందండీ. చక్రాలతోపాటు తిరిగేది షాఫ్టేనండీ. మరి అదిరేదేంటండీ?"

బస్సు పక్కకి ఆపి, తాళం ఆయన ఒళ్ళో పెట్టాను.

"రబ్బరు దిమ్మ వేయిస్తే రేపు తోలతానండీ. లేదంటే మీరే తోలుకోండి. ఆ పీచు మాత్రం పారెయ్యకండి, పరుపు కుట్టించుకోండి. మీ నడుముకి అవసరం పడుతుందండీ."