గడపదే తప్పు

మా మేనత్త మనుషుల్ని తిట్టదు. వస్తువుల్ని తిడుతుంది.

అదీ అలా ఇలా కాదు. పొద్దున్న లేవగానే కుళాయితో మొదలు. "ఊరందరికీ ధారలు కడతావ్, నా బిందె చూడగానే చుక్కలు రాలుస్తావా? నీ దుంప తెగ!" ఆ తర్వాత పొయ్యి, దాని తర్వాత తలుపు గడియ, ఆపైన దువ్వెన. మధ్యాహ్నానికల్లా ఇంట్లో తిట్టు తినని వస్తువంటూ మిగలదు. ఆ వీధిలోకి కొత్తగా అద్దెకు దిగిన పంతులమ్మ వారం రోజులు ఓపిక పట్టి, చివరికి ఉండబట్టలేక వచ్చేసింది.

"చూడండి, మీ కోడల్ని అంతలేసి మాటలనడం ఏం బాలేదు. పాపం, ఒక్కసారి కూడా ఎదురు చెప్పడం నేను వినలేదు."

"కోడలా? నాకు కొడుకే లేడు తల్లీ. పొద్దున్న నేను తిట్టింది గొడుగుని" అంది అత్త.

అత్త బట్టలు కుడుతుంది. ఆవిడ తిట్లలో పెద్ద వాటా కుట్టు మిషన్‌ది. "మళ్ళీ తెంపావా దారం? తెంపు. నిన్ను పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేసి చేత్తో కుట్టుకుంటా. నువ్వు లేకపోతే లోకం బట్టల్లేకుండా తిరుగుతోందా?" మిషన్ భయపడి దారిలోకి వస్తుందని ఆవిడ నమ్మకం. ఆవిడ లేచి నూనె చుక్క వేసి రావడం వల్లే దారిలోకి వస్తుందని మా మామయ్య అనుమానం. అయితే ఆయన పైకి అనడు. ఒకసారి ఆయన కుర్చీలోంచి కింద పడితే, అత్త ఆయన్ని లేపడం మానేసి కుర్చీని తిడుతూ కూర్చుంది. తిట్టు అయ్యేదాకా ఆగలేక మామయ్యే లేచి, దులుపుకుని, వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆవిడకిచ్చాడు.

నేను చిన్నప్పుడు లెక్కల్లో తప్పాను. ఇంట్లో ఒక్కొక్కళ్ళూ ఒక్కో రకంగా నన్ను దులిపేశారు. అత్త వచ్చి నా పెన్ను అందుకుంది. "పిల్ల అంత చదువుకుని వెళ్తే, నాలుగు అంకెలు సరిగ్గా వెయ్యడానికి నీకేం రోగమొచ్చింది?" అని దాన్ని మూల నిలబెట్టింది. ఏడుస్తున్నదాన్నల్లా నేను పక్కున నవ్వాను.

ఇక సున్నాల అవ్వ సంగతి. అత్త వాళ్ళ పెరటివైపు గదిలో ఒక్కతే ఉంటుంది. వయసున్నన్నాళ్ళూ నిచ్చెనలెక్కి గోడలకి సున్నం వేసింది. ఆ సున్నం ఆమె వేళ్ళమీద గీతల్ని నున్నగా తినేసింది. చెయ్యి పట్టుకుంటే కాగితం పట్టుకున్నట్టుంటుంది. ముసలితనంలో ఆమెకున్న ఆసరా ఒక్కటే, ప్రభుత్వమిచ్చే పింఛను. ఇదివరకు ఆఫీసులో గుమాస్తా ఆమె మొహం చూసి, "ఏం అవ్వా, బాగున్నావా?" అని చేతిలో పెట్టేవాడు.

తర్వాత పైవాళ్ళకి జ్ఞానోదయమైంది. దొంగలు తినేస్తున్నారట! ఇకమీదట అసలైన మనిషికే అందాలట! అందుకని దేశంలో ప్రతి మనిషికీ ఒక నంబరిచ్చారు. నంబరుతో పాటు మిషన్ మీద వేలు పెట్టాలి. పచ్చ లైటు వెలిగితే నువ్వు నువ్వే. ఎర్ర లైటు వెలిగితే నువ్వెవరో మాకు తెలీదు, పక్కకి జరుగు.

నాకు కడుపు మండిపోయేది ఇక్కడే. నిచ్చెన మీద నడుం విరిగేలా నిలబడి ప్రభుత్వాఫీసులకి సున్నం వేసినంత కాలం, ఈమె ఎవరో రుజువు కావాలని ఏ దొరా అడగలేదు. పని చేయించుకోవడానికి ఆమె ఆమే. అన్నం పెట్టాల్సి వచ్చేసరికి మాత్రం ఆమె ఆమె కాదు! దొంగని పట్టుకుంటామని వల వేశారు. పెద్ద చేపలన్నీ ఎప్పట్లాగే బయట ఈదుతున్నాయి. వలలో పడ్డది ఇటుకలు మోసినవాళ్ళూ, గిన్నెలు తోమినవాళ్ళూ, సున్నం కలిపినవాళ్ళూ. కష్టపడి వేళ్ళు అరగదీసుకోవడమే వాళ్ళు చేసిన దొంగతనం. కొన్ని నెలలుగా అవ్వకి ఎర్ర లైటే. సాయంత్రాలు పొయ్యి వెలిగించడం మానేసింది. అడిగితే "ఆకలి లేదమ్మా" అంటుంది. ఆకలి లేనిదాని కళ్ళు అలా ఉండవు.

అంతకంటే ఘోరం ఇంకోటుంది. ఒకరోజు పెరట్లో ఆమె వేలిని బండకేసి రుద్దుకుంటూ కనిపించింది. చర్మం లేచి ఎర్రబడిపోయింది.

"ఏం చేస్తున్నావ్ అవ్వా!"

"గీతలు లోపలికి పోయాయేమోనని. రుద్దితే బయటికొస్తాయేమో. నా వేళ్ళే పాడువేళ్ళు తల్లీ. ఆ బాబుని ఎంత విసిగిస్తున్నానో!"

ఆ వారమే ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. ఈ నెలాఖరులోగా ముద్ర పడనివాళ్ళ పేర్లు కొట్టేస్తారట.

నేను కార్మిక సంఘాల్లో తిరిగే మనిషిని. "రేపు నేనొస్తాను. వాళ్ళ సంగతేదో తేల్చేస్తాను" అన్నాను.

"కిందటిసారి తేల్చావుగా. నువ్వు గుమాస్తా మీద అరిచావు. వాడు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. నువ్వు నోరు మూసుకుని రా. నేను మాట్లాడతా" అంది అత్త.

"గుమాస్తాతోనా?"

"మిషన్‌తో."

ఆఫీసులో అడుగుపెట్టగానే అత్త గొంతు సవరించుకోవడానికన్నట్టు ముందు కుర్చీని ఒక విడత తిట్టింది. దానికి ఒక కాలు లేదు. మా వంతు వచ్చింది. అవ్వ వేలు కొంగుతో తుడుచుకుని, భయం భయంగా మిషన్ మీద పెట్టింది. ఎర్ర లైటు. "తప్పయిపోయింది బాబూ, ఇంకోసారి" అని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర లైటు.

"రాలేదు. పక్కకి జరగండి" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

అత్త ముందుకొచ్చింది. "నువ్వు కాస్త వెనక్కి జరుగు నాయనా, తిట్లు నీ మీద పడగలవు" అని మిషన్‌కి ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమే! ఎవరనుకున్నావే ఈవిణ్ణి? ఆ గోడ చూడు. నువ్వు పుట్టకముందు దానికి సున్నం వేసింది ఈ చెయ్యే. నువ్వు కూర్చున్న గదికి తెలుపు తెచ్చిన చేతిని గుర్తుపట్టవా? అగ్గిపెట్టంత లేవు, అప్పుడే కళ్ళు నెత్తికెక్కాయా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా తలెత్తాడు. "అమ్మా, అది వినదమ్మా."

"చెవుల్లేనిదాన్ని తెచ్చి జనం కష్టాలు చూడమని కూర్చోబెట్టారా?"

"మా చేతుల్లో ఏముందమ్మా? అంతా పైనుంచి వస్తుంది."

అత్త పైకి చూసింది. పైన ఫ్యాన్ ఉంది.

"ఓహో, నువ్వా! అందుకేనా గాలి కూడా రాకుండా బిగబట్టావ్?"

ఈసారి వరసంతా నవ్వింది. "పిన్నీ, నా తరఫున కూడా నాలుగు తగిలించు. నన్నూ పోయిన నెల ఇది ఇట్లాగే ఏడిపించింది" అని వెనకనుంచి ఇటుకల పనామె అరిచింది. ఆ గోలకి లోపలి గది తలుపు తెరుచుకుని ఆఫీసరు వచ్చాడు.

"ఎవరండీ ఇక్కడ తిడుతోంది? డ్యూటీలో ఉన్న ఉద్యోగిని దూషిస్తే కేసవుతుంది, తెలుసా?"

"ఉద్యోగినెవర్నీ అన్లేదు నాయనా. ఈ పెట్టెని అన్నాను. ఇదీ ఉద్యోగేనా? అయితే మరీ మంచిది. ఈవిణ్ణి ఎందుకు కాదందో కారణం చెప్పమను."

"అది కారణాలు చెప్పదండీ."

"మీరు ఒకళ్ళ పింఛను ఆపాలంటే కారణం చెప్పక్కర్లేదా?"

"అయ్యో, మేం ఆపాలంటే కారణం రాసి సంతకం పెట్టాలి. ఊరికే ఆపే అధికారం మాకెక్కడిది?"

"మరి మీకు లేని అధికారం దీనికెవరిచ్చారు?"

ఆఫీసరు మిషన్ వైపు చూశాడు. దానిమీద ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"సరే, దానికి నోరు లేదు, పాపం" అంది అత్త, ఎంతో మెత్తగా. "దాని బదులు మీరు చెప్పండి. ఈవిడ మొహం చూసి 'నువ్వు నువ్వు కాదు' అనండి. ఆ ఒక్క మాటా అనేస్తే లేచి వెళ్ళిపోతాం."

ఆయన అవ్వ మొహం చూశాడు. ఆయన ఇబ్బంది చూడలేక అవ్వే సాయం వెళ్ళింది.

"బాబుగారూ, నేనేనండీ. మీ పాప పుట్టినప్పుడు మీ ఇంట్లో గదికి సున్నం వేశాను. నీలం కాస్త ఎక్కువైందని అమ్మగారు కోప్పడ్డారు."

ఆయనకి చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి గుమాస్తాని అడిగాడు. "ముద్ర పడనివాళ్ళకి ఏదో పద్ధతి ఉండాలి కదయ్యా?"

"ఉంది సార్. ఈ మనిషిని నేనెరుగుదునని మీరు సంతకం పెడితే చాలు. కాకపోతే ఎక్కువమందికి పెడితే పైనుంచి సంజాయిషీ అడుగుతారని మీరే పెట్టట్లేదు."

ఉందట! మొదటినుంచీ ఉందట! ఒక మనిషి సాయంత్రాలు పస్తుండి, వేళ్ళు బండకేసి రుద్దుకుంటుంటే, ఆమెకీ అన్నానికీ మధ్య అడ్డంగా ఉన్నదల్లా ఒక సంతకం. అది పెడితే ఎవరో పైవాడు ఒక ప్రశ్న అడుగుతాడేమోనని వీళ్ళ భయం. నేను అరవడానికి నోరు తెరిచాను. అత్త నా కాలు తొక్కింది.

"మీ తప్పేముంది నాయనా? ఇదే దిక్కుమాలింది" అంది ఆఫీసరుతో.

ఆయన మిషన్ వైపు మళ్ళీ ఒకసారి చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "అవునండీ. ఇది మొదటినుంచీ దిక్కుమాలిందే" అన్నాడు.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు గుమాస్తా లేచి నిలబడ్డాడు. "నా హాజరు కూడా సగం రోజులు పడదమ్మా దీంట్లో! జీతం కోసేస్తున్నారు! సిగ్గులేని పెట్టె!" అని దాని నెత్తిన ఒక్కటిచ్చాడు.

అవ్వ పని అయింది. అయినా అత్త కుర్చీలోంచి లేవలేదు. "నా తిట్లు ఇంకా మిగిలాయి నాయనా" అంది. ఆవిడ తిడుతూనే ఉంది. ఎర్ర లైటు వెలిగిన ప్రతివాళ్ళకీ ఆఫీసరు సంతకం పెడుతూనే ఉన్నాడు. ఇటుకల పనామె సంతకం కూడా అయ్యాకే అత్త మంచినీళ్ళు అడిగింది.

బయటికి వస్తుంటే నేను ఆగలేకపోయాను.

"ఏంటత్తా, మీ తప్పేముంది అంటావా? తప్పంతా వాళ్ళది! ఆ మిషన్ కొన్నవాళ్ళది, పెట్టినవాళ్ళది, దాని వెనక దాక్కున్నవాళ్ళది! వచ్చే నెల మళ్ళీ ఇదే భాగోతం!"

"వాళ్ళని నువ్వు పట్టుకో. అర్జీలు రాయి, కోర్టుకెళ్ళు, రోడ్డు మీద కూర్చో. నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటా. కానీ ఇవాళ నేనొచ్చింది వాళ్ళకోసం కాదే." అత్త గొంతు తగ్గించింది. ముందు నడుస్తున్న అవ్వని కళ్ళతో చూపించింది. "ఇన్ని నెల్లుగా ఆవిడ తన వేళ్ళనే తిట్టుకుంటోంది. ఆవిడ ఎదురుగా ఆ పెట్టెని ఎవరో ఒకళ్ళు తిట్టాలా, వద్దా?"

నాకు మూల నిలబడిన పెన్ను గుర్తొచ్చింది. ఆ వెనకే కుర్చీ కూడా గుర్తొచ్చింది. పడ్డ మామయ్యని ఆరోజు ఎవరూ "చూసుకుని కూర్చోవచ్చుగా" అనలేదు. అనడానికి అత్త సందు ఇవ్వలేదు.

ఆలోచిస్తూ నేను వెనకబడ్డాను. ఆఫీసు వీధిగుమ్మం దగ్గర అత్త కాలి బొటనవేలు గడపకి కొట్టుకుంది. "అమ్మా!" అని వంగింది. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచేలోపే అవ్వ గిర్రున వెనక్కి తిరిగింది.

"కళ్ళు మూసుకుపోయాయా నీకు? దారికడ్డంగా పడుకోవడమేనా నీ పని? పెద్దమనిషి వస్తుంటే జరగాలని తెలీదా? సిగ్గులేని గడపా! నీకు సున్నం వేసిన చేత్తోనే రేపొచ్చి పెళ్ళగించేస్తా!"

ఎర్రబడిన ఆ వేలు గడప మీదికి నిటారుగా చూపిస్తోంది.

అత్త ఒంటికాలి మీద నిలబడి మొత్తం విన్నది.

"పర్వాలేదు, బాగానే తిట్టావ్" అంది చివరికి. "కాకపోతే ఆ పెళ్ళగించేస్తా దగ్గర ఇంకాస్త సాగదియ్యాలి."