పిన్ని ఫైల్లో నేను రాసిన వరుస

మా పిన్ని పదేళ్లు రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసి, నలభయ్యో ఏట అదే ల్యాబులో కంప్యూటర్లు చూసుకునే పని నేర్చుకుంది. ఏ ప్రోగ్రాం ఉండాలో ఒక ఫైల్లో రాస్తే ముప్పై రెండు కంప్యూటర్లలోనూ అదే ఎక్కుతుంది. ఆ ఫైలును ముందే తనిఖీ చేసే నియమాలూ పిన్నే పెట్టింది. ప్రోగ్రాం పక్కన వెర్షన్ నంబరు లేకుండా "లేటెస్ట్" అని రాస్తే తనిఖీ ఎర్ర గీత చూపి ఆపేస్తుంది.

"కొత్తది కదా అని కళ్లు మూసుకుని ఎక్కిస్తే ఏమవుతుందో నీకు తెలుసటే? నాకూ తెలీదు. అందుకే నంబరు," అనేది.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన నన్ను పని నేర్పడానికి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం పిన్ని లేనప్పుడు, రక్తం సీసాల మీద అంటించే పేర్ల లేబుళ్లు ముద్రించే ప్రోగ్రాం నేను ఫైల్లో చేర్చాల్సి వచ్చింది. లేటెస్ట్ అని రాశాను. ఎరుపు వచ్చింది. ఏ నంబరు వేయాలో ఫోన్ చేసి అడగడానికి నోరు రాలేదు. ఒక వరుసను తనిఖీ చేయకుండా వదిలెయ్యమనే గుర్తు ఒకటుంది. పిన్ని వాడితే పక్కన కారణం రాసేది. నేను గుర్తు మాత్రం పెట్టాను. ఎరుపు పోయింది. ఎంత హాయిగా అనిపించిందో!

సోమవారం ఆ ప్రోగ్రాం కొత్త వెర్షన్ అన్నింటిలోనూ ఎక్కింది. లేబుళ్లు పేర్లు లేకుండా తెల్లగా వచ్చాయి; ఏ రక్తం ఎవరిదో తెలియలేదు. పరగడుపున వచ్చిన నలభై మందికి మళ్లీ సూది గుచ్చారు.

"నా రక్తం అంత రుచిగా ఉందా తల్లీ?" అని ఒక తాతగారు నవ్వుతూ చొక్కా చెయ్యి మడిచారు.

మేనేజరు పిలిస్తే పిన్ని, "ఫైలు నాది సార్," అంది.

"అయితే ఇక ఈ పని బయటివాళ్లకు ఇచ్చేస్తాం. మీరు మళ్లీ టైపింగు చూసుకోండి."

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. లోపలికి వెళ్లలేదు. ఇంటికి వెళ్లే దారిలో పిన్ని నన్నేమీ అడగలేదు.

మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్లి, "అది నేను చేశాను సార్," అన్నాను.

ఆయన నవ్వారు. "పిన్నిని వెనకేసుకొస్తున్నావా? నీకివన్నీ ఎక్కడొస్తాయమ్మా?"

ఆ మాట పట్టుకుని బయటికొచ్చేయొచ్చు. ఒక్క క్షణం కాళ్లు అటే తిరిగాయి. తర్వాత, ఏ వరుస ఎవరు రాశారో ఉండే పేజీ తెరిచి నా పేరు చూపించాను.

ఆయన పిన్నిని పిలిచారు. "మీకు తెలుసా?"

"నిన్న పొద్దున్నే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చేసింది అది. అదే వచ్చి చెప్పాలి కదా సార్."

"సరే, ఫైలు మీ దగ్గరే ఉండనివ్వండి. ఆ అమ్మాయి మాత్రం దాన్ని ముట్టుకోకూడదు."

పిన్ని తలూపింది. నా తరఫున ఒక్క మాటైనా అంటుందేమోనని ఆవిడ ముఖం వైపే చూశాను. చేసిన తప్పు కంటే, అలా చూసినందుకే ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.