వీపు తిప్పి కూర్చునే అత్త

గుట్ట దగ్గరి పల్లెలో మా మేనత్త పెంచుకున్న కుక్కకు తండ్రి తోడేలు. ఊరంతా దానికి జడిసేది. అత్త మాత్రం రోజూ దాని ముందు జొన్నరొట్టె పెట్టి, వీపు తిప్పి కూర్చునేది.

“ఎనకనుంచి కరిస్తె ఎట్లత్తా?” ఉండబట్టలేక అడిగాను.

“మొకం చూసుకుంట కూసుంటె కావలి కాసినట్టుంటది బిడ్డా. వీపు చూపిస్తెనే నమ్మినట్టు.”

నిరుడు మేక ఈనిన రోజు ఆ కుక్క దొడ్లోకి దూరింది. మామ కట్టె ఎత్తాడు.

“తోడేలు నెత్తురే అది, జరుగు!”

అత్త జరగలేదు. తడి ఆరని మేకపిల్లలను ఒళ్లో పెట్టుకుని, ఎప్పటిలాగే దానికి వీపు తిప్పి కూర్చుంది.

అది దగ్గరికొచ్చి అత్త భుజం వాసన చూసింది. తర్వాత ఆమె వీపుకు తన వీపు ఆనించి, తోడేళ్లు దిగే గుట్ట వైపు చూస్తూ కూర్చుంది.