అమ్మ చేతి కింద ఆగిన రక్తం

కలకత్తాలో ఖిదిర్‌పూర్ బజారు నుంచి అమ్మా నేనూ ఇంటికి వస్తున్నాం. మా సందు మలుపులో ఒక లారీ ఎర్ర కుక్కను కొట్టేసి వెళ్లిపోయింది. మా సందులోనే పెరిగిన వీధికుక్క అది. ముందుకాలు చీరుకుపోయి రక్తం చిమ్ముతోంది. దగ్గరికి వెళ్లిన ప్రతివాళ్ల మీదికీ పళ్లు బయటపెట్టి లేస్తోంది. జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు.

నేను పనిచేసే గోడౌనులో మాకు ప్రథమ చికిత్స నేర్పారు, మనుషులకు చేసేది. కుక్కకైనా రక్తం ఆపే పద్ధతి అదే అయ్యుంటుందనుకుని చున్నీ తీశాను.

"ఏటి సేస్తన్నావే? కరిసేస్తాది!" అంటూ అమ్మ నా జబ్బ పట్టుకుంది. అమ్మకు కుక్కలంటే చచ్చేంత భయం.

చెయ్యి విడిపించుకుని, పక్కనుంచి మెల్లిగా వెళ్లి, కరవకుండా ముందు చున్నీని దాని మూతికి చుట్టాను. ముక్కు మూసుకోకుండా చూసి చెవుల వెనక ముడి వేశాను. గింజుకుంటున్న కుక్కను అదిమి పట్టుకోవడానికే నా రెండు చేతులూ సరిపోయాయి. కాలి నుంచి రక్తం ఇంకా కారుతూనే ఉంది.

"అమ్మా, ఇందాక కొన్న తువ్వాళ్లు తియ్యి. ఒకటి మడిచి గాయం మీద గట్టిగా నొక్కు."

"నేనా?"

"నువ్వే!"

అమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి, ప్రార్థనే అనుకుంటా. తర్వాత రోడ్డు మీదే కూర్చుని నొక్కేసింది. తువ్వాలు తడిసిపోయింది. ఎత్తి చూడబోతే, "తియ్యకు, దాని మీదే ఇంకోటి పెట్టు" అన్నాను. పెట్టింది. "ఓర్సుకోయే తల్లీ, అయిపోనాది" అని కుక్కను ఊరడిస్తూ నొక్కుతూనే ఉంది. రెండో తువ్వాలు తెల్లగానే నిలిచింది.

"ఆగిందే! రగతం ఆగిందే!" అని అమ్మ అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఒక్కసారిగా అరిచారు.

కూరగాయల రిక్షాబండి అతను తన బుట్టలన్నీ దింపేశాడు. "దాదా, కుదపకుండా ఎత్తాలి" అని నేను అన్నను పిలిచినట్టు పిలిచి చెబితే అతనూ ఇంకో ఇద్దరూ చెయ్యేశారు. కుక్కను బండి చెక్కల మీద పడుకోబెట్టాం. అమ్మ తువ్వాలు వదలకుండానే పక్కన ఎక్కింది. మనుషుల్నీ బస్సుల్నీ అదిలించుకుంటూ అతను పశువుల ఆసుపత్రికి తొక్కిన తొక్కుడు నేనెప్పుడూ చూడలేదు.

పశువుల డాక్టరమ్మ కుట్లు వేస్తూ, "నొక్కి పట్టకపోతే దారిలోనే పోయేది. ఎవరు పట్టుకున్నారు?" అని బెంగాలీలో అడిగింది. అమ్మ బడిపిల్లలా చెయ్యెత్తింది. ఆ చెయ్యి మోచేతిదాకా ఎర్రగా ఉంది.

కుట్లు విప్పాక కుక్క నాలుగు కాళ్ల మీదా సందంతా పరుగెత్తింది.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మ లేచి నిలబడింది. "పెబువు నా సేతికి బలం ఇచ్చినాడు. కుక్క బతికినాది" అంది.

చర్చి చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.