రంగు తీసిన ఇనుము

2023 మే నెల. జంషెడ్‌పూర్‌లో ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండలు. బారిడీహ్ దగ్గర ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో, అంటే ఇనుము కోసి, వంచి, వెల్డింగ్ చేసి ఇచ్చే షెడ్డులో, నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. రోజూ గేట్లూ నిచ్చెనలూ చూసే నా చేతికి ఒక వింత ఆర్డరు వచ్చింది. బోర్లించిన గంపల్లాంటి ఇరవై ఫ్రేములు కావాలి, సముద్రంలో దింపడానికి.

అడిగినావిడ డాక్టర్ శిరీష, మన కాకినాడ ఆడపడుచే. పశ్చిమ తీరంలో ఒక సముద్ర రక్షిత ప్రాంతంలో, అంటే వలలూ లంగర్లూ వేయకూడదని కట్టడి చేసిన నీళ్ళలో, పగడపు దిబ్బల మీద పనిచేస్తారు. నీరు వేడెక్కి అక్కడొక దిబ్బ తెల్లబడి చచ్చిపోయింది. బతికినచోటి నుంచి తెచ్చిన పగడపు ముక్కలను ఈ గంపలకు కట్టి పెంచాలని ఆవిడ తాపత్రయం.

"కొమ్ముల్లా ఉండేవీ, బండల్లా ఉండేవీ, ఆకుల్లా విచ్చుకునేవీ అన్నీ కలిపి కడతామండీ. ఒకే రకం పెడితే ఒక్క ఎండకే అన్నీ పోతాయి," అన్నారు ఫోన్లో. పగడమంటే ఉంగరంలో రాయని తప్ప, అది ప్రాణి అని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: రంగు వేయకూడదు. ఆ ఇనుములోకి సన్నని కరెంటు పంపితే నీళ్ళలోని సున్నం దాని మీద పేరుకుంటుందట, పగడాలు ఆ సున్నాన్నే పట్టుకుని పెరుగుతాయట. నేను డ్రాయింగులో రంగు గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ అంటే వద్దనే కదా అనుకున్నాను.

మా పెయింటరు అప్పన్న మావ. పలాస వైపు నుంచి వచ్చి ముప్పై యేళ్ళుగా బ్రష్షు పట్టిన మనిషి. ఆయన లెక్కలో ఖాళీ గడి అంటే రాయడం మరిచిపోయారని. సోమవారం పొద్దున నేను షెడ్డులో అడుగుపెట్టేసరికి ఇరవై గంపలూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అంటే తుప్పు పట్టకుండా వేసే అడుగు కోటు.

"ఆదోరం వచ్చి ఏసీసినాను పాపా," అన్నాడు నవ్వుతూ. "నువ్వు రాయడం మర్చిపోనావు. ఉప్పునీల్లలో ఎట్టేదానికి రంగు నేకపోతే ఏటి మిగుల్తాది? రెండు కోట్లు కొట్టీసినాను."

బుధవారం లారీ కదలాలి. వానలు మొదలైతే సముద్రంలో దిగడం కుదరదు, అటవీ శాఖ ఇచ్చిన అనుమతి గడువూ అంతటితో సరి. పగడపు ముక్కలు అప్పటికే తొట్లలో ఎదురుచూస్తున్నాయి. ఇంకో ఏడాది అవి తొట్లలో బతకవు. శిరీషగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"రంగు మీద కరెంటు ఆడదండీ. తీయగలరా?" అన్నారు.

"తీస్తాం," అన్నాను, ఎలాగో తెలియకుండానే.

పక్కనే నిలబడి విన్న మావకు తొట్లలోని పగడాల సంగతి చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. "వోటికి పానాలున్నాయేటి పాపా? నానేటి సేసీసినాను!"

"తప్పు నాది మావా. వద్దని నేను రాయాల్సింది."

పక్క షెడ్డులో షాట్ బ్లాస్టింగ్ యంత్రం ఉంది. సన్నని ఇనుప గుళ్ళను జోరుగా కొట్టి తుప్పూ రంగూ ఊడగొట్టే యంత్రమది. దాని యజమానిని బతిమాలితే, "సముందర్ కా కామ్ హై? లే ఆవో," అని, సముద్రం పనైతే పట్టుకురమ్మని, తన పని ఆపి చోటిచ్చాడు. కానీ కడ్డీలు ఒకదాన్నొకటి దాటే మూలల్లోకి గుళ్ళు వెళ్ళవు, అక్కడ వైరు బ్రష్షే గతి. మావ రెండు రోజులు నేల మీద కూర్చుని, తాను వేసిన రంగును తానే గీకాడు. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం మల్టీమీటరు తెచ్చాను. దాని రెండు ముళ్ళూ శుభ్రమైన ఇనుముకు తగిలితే కుయ్‌మంటుంది, మధ్యలో రంగుంటే పలకదు. పదహారు గంపలు పలికాయి. పదిహేడో దాంట్లో ఒక మూల పలకలేదు. మావ మళ్ళీ గీకి, "ఇప్పుడెట్టు," అన్నాడు. కుయ్‌మంది. ఇరవయ్యోది కూడా పలికేసరికి నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మావ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "అమ్మయ్య! పద, టీ తాగుదుం," అన్నాడు. మూడు రోజుల తరవాత ఆ టీ నాకు రుచిగా తగిలింది.

అప్పటినుంచి నా డ్రాయింగుల్లో ఖాళీ గడి ఉండదు. వద్దన్నది కూడా రాసి పెడతాను. పని తెలిసినవాడికి ఖాళీ కనబడితే ఊరుకోడు, మంచి మనసుతోనే నింపేస్తాడు.

ఆ చలికాలంలో శిరీషగారు ఒక ఫొటో పంపారు. సున్నం పట్టి తెల్లబడ్డ గంప, దాని మూలలో బొటనవేలంత పగడం, పక్కనే ఒక చారల చేప. మావ ఫోన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ముప్పై యేళ్ళు రంగులేసినాను పాపా," అన్నాడు. "ఒక్కటీ ఎదగనేదు. తీసీసిందే ఎదిగింది."