ఏడు గంటల గేటు

యాభై రెండేళ్ల జీవితంలో ఎస్తర్ గొంతెత్తింది రెండే చోట్ల. ఒకటి చర్చిలో, ఆదివారం పాట అందుకునేటప్పుడు. రెండోది బళ్లో, పిల్లలు పళ్లెంలో అన్నం వదిలేసినప్పుడు. అలాంటి మనిషి నిజామాబాదులో, డెబ్బై మంది కూర్చున్న హాల్లో లేచి నిలబడి, "ఆ ఎర్ర కాయితం మీదికెల్లి మా బడి పేరు తియ్యిండ్రి" అంటుందని ఎవరైనా అనుకుంటారా? ఆమె కూడా అనుకోలేదు.

ఎడపల్లి దాటి కాలువ గట్టు పట్టుకుని పోతే చింతలగడ్డ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి ప్రాథమిక బళ్లో పద్దెనిమిదేళ్లుగా వంట ఎస్తర్‌దే. ఆ ఏడాది తల్లులంతా కలిసి ఆమెను బడి కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. రోజూ బళ్లో కనిపించేది ఆమే గనుక చేశారు. వద్దనడం చేతగాని మనిషి గనుక కూడా చేశారు.

చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ల బడి కమిటీలు ఒక సంఘంగా కలిశాయి. దానికి పెద్ద మల్లికార్జున్ పటేల్, పసుపు పండించే ఆసామి. మంచివాడే, కాకపోతే కాగితం మీద మోజు ఎక్కువ. రాబోయే మూడేళ్లకు సంఘం వ్యూహాత్మక ప్రణాళిక రాసుకోవాలంటూ ఆగస్టులో అందరినీ నిజామాబాదుకు పిలిచాడు.

"వ్యూహమా?" అన్నాడు ఎస్తర్ భర్త ఏసుదానం, బోధన్‌లో బస్తాలు మోసే హమాలీ. "పైలంగ, సూస్కొని పో. వ్యూహంల సొచ్చుడు అల్కనే, బయటికెల్లుడే కష్టం."

హాల్లో, స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చిన కావ్య అనే అమ్మాయి గోడకు రెండు పెద్ద చార్టులు కట్టింది. పచ్చదాని మీద 'బలాలు' అని, ఎర్రదాని మీద 'బలహీనతలు' అని రాసింది. పద్నాలుగు బళ్ల పేర్లు పద్నాలుగు చీటీల మీద ఉన్నాయి. పెద్దలు మాట్లాడుకుంటూ ఒక్కోటీ తీసి జిగురుతో అంటించారు. చింతలగడ్డ చీటీ ఎర్ర చార్టు మీద, అట్టడుగున పడింది. తర్వాత మల్లికార్జున్ ఇరవై ఆరు లక్ష్యాలు చదివాడు. ప్రహరీ గోడలు, కంప్యూటర్లు, ఇంగ్లీషు మాట్లాడించడం... పంతొమ్మిదోది ఇది: పదకొండు మంది పిల్లలే మిగిలిన చింతలగడ్డ బడిని పక్క ఊరి బళ్లో కలిపెయ్యమని సంఘమే పైవాళ్లకు రాసివ్వాలి.

ఎస్తర్ ఆ బళ్లోనే అయిదో తరగతి సగం దాకా చదివింది. చదువు ఆగింది కూడా ఆ బడి ముందే. తల్లి శారమ్మ తెల్లారకముందే చెరకు కోతకు పోయేది. చంటి తమ్ముణ్ణి చూసుకునే దిక్కు లేదు. వాణ్ణి చంకనేసుకుని పొద్దున్నే బడికొస్తే గేటుకు తాళం ఉండేది. తెరిచాక, పసివాడితో లోపలికి రావద్దనేవారు. నెల రోజులు గేటు పట్టుకుని నిలబడింది. తర్వాత రావడం మానేసింది. అందుకే ఎర్ర చార్టు మీద ఆ పేరు చూశాక ఆమె కూర్చోలేకపోయింది. బలహీనత అనే మాట ఆమెకు కొత్తదేం కాదు, చర్చిలో వింటూనే ఉంటుంది. కానీ అక్కడ ఆ మాట వెనకే ధైర్యం చెప్పే మాట ఒకటి వస్తుంది. ఇక్కడ దాని వెనక వచ్చింది పంతొమ్మిదో నంబరు.

లేచింది. పేరు తీసెయ్యమంది.

"ఎస్తరక్కా, ప్లానన్నంక కొన్ని ఇడ్సిపెట్టాలె. పదకొండు మందితోని బడి ఎట్ల నడుస్తది?" అన్నాడు మల్లికార్జున్, నొప్పించకుండానే.

"పిల్లలు ఎందుకు వోతున్నరో ఎవలన్న అడిగిండ్రా పటేలా?"

"ఇంగ్లీషుకు. పచ్చ వ్యానుల ప్రైవేటు బడికి వోతున్నరు. గది అందరికి ఎర్కే కదా."

"ఆ వ్యాను ఇంగ్లీషుకు వస్తలేదు. ఏడున్నరకు వస్తున్నది," అంది ఎస్తర్. "తల్లులు ఏడింటికి పనికి వోతరు. మన బడి తొమ్మిదికి తెరుస్తరు. నడుమ రెండు గంటలు పిల్లగాండ్లను కాలువకు అప్పజెప్పాల్నా?"

ఆ ఊపులోనే ఆమె నోటి నుంచి ఇంకో మాట జారింది. "జనవరి దాక టైమియ్యిండ్రి. ముప్పై మందిని చెయ్యకపోతె మీ పంతొమ్మిదో నంబరు మీద ముందుగాల నేనే సంతకం పెడ్త."

బస్సులో తిరిగొస్తూ ఊళ్లో పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముప్పై! నాలుక కొరుక్కుంది. కానీ రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎలా?

మర్నాడే ప్రధానోపాధ్యాయురాలు ఉమారాణిని తాళంచెవి అడిగింది. ఏడింటికే గేటు తెరుస్తానంది. "ఏమన్నయితే నా మెడకు సుట్టుకుంటది ఎస్తరమ్మా," అని ఆవిడ వెనకాడింది. రెండు రోజుల్లో ఎస్తర్ కమిటీ తీర్మానం పట్టుకొచ్చింది. దాని మీద తల్లుల సంతకాలు, వేలిముద్రలు, రోజుకు ఇద్దరు ముసలమ్మలు బళ్లో కాపలా ఉండేటట్టు వంతులు. ఉమారాణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి తాళంచెవి చేతిలో పెట్టింది.

మొదట వచ్చింది రుక్మాబాయి. మహారాష్ట్ర నుంచి కోడలుగా వచ్చిన మనిషి, కోపం వస్తే మరాఠీలోకి దిగుతుంది. ఇద్దరు కొడుకులను వ్యాను మాన్పించి తెచ్చింది. పదకొండు పదమూడయింది. సంతోషించేలోపే కొత్త చిక్కు వచ్చిపడింది. ఏడింటికి వచ్చిన పిల్లలు ఎనిమిదికల్లా ఆకలని ఏడుపు లంకించుకున్నారు. మధ్యాహ్న భోజనానికి సర్కారు ఇచ్చే బియ్యం పొద్దున ముట్టుకోవడానికి లేదు.

అప్పుడు ఎస్తర్‌కు తల్లి గుర్తొచ్చింది. శారమ్మ కూలి గింజలతో పొయ్యి వెలిగించిన రోజుల్లో కూడా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. పిడికిటి బియ్యంతో గోడలు లేచిన చర్చి అది. ఎస్తర్ ఇల్లిల్లూ తిరిగి అదే అడిగింది, ఈసారి పిల్లల పొద్దుటి ముద్ద కోసం.

కాపు ముసలమ్మ హన్మవ్వ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "మీ దేవునికైతె నేనెందుకేస్త?"

"దేవునికి కాదవ్వా, పిల్లలకు."

"గట్ల సెప్పరాదే! పిల్లలకైతె రెండు పిడికిళ్లు." బియ్యంతో పాటు తనూ వచ్చింది. వారానికి రెండు కాపలా వంతులు ఆమెవే. ఆమె కర్ర చూస్తే పిల్లలే కాదు, కుక్కలు కూడా బుద్ధిగా కూర్చునేవి.

రోజూ పొద్దున పసుపు, పోపు వేసిన అన్నం. పోపన్నం వాసన కాలువ అవతలికి పోయేది. అయినా దీపావళికి లెక్క పంతొమ్మిది దగ్గర ఆగింది.

"ముప్పై యాడ, పంతొమ్మిది యాడ! వ్యూహంల సిక్కినవే," అని ఏసుదానం ఆటపట్టించాడు. ఆటపట్టిస్తూనే తెల్లవారుజామున లేచి కట్టెలు కొట్టి బడికి మోశాడు.

చెరకు కోతలు మొదలయ్యాయి. తల్లులు ఆరింటికే బయల్దేరాల్సి వచ్చింది. వ్యానేమో ఏడున్నరకు గానీ రాదు. ఎస్తర్ ఏమీ ప్రచారం చెయ్యలేదు. గేటు ఆరింటికి తెరిచింది, అంతే. వారం తిరిగేసరికి ఇరవై తొమ్మిది. ఇంకొక్కరు! ఆ ఒక్కరి కోసం నెల రోజులు ప్రతి గుమ్మమూ తొక్కింది. ఆ ఒక్కరూ దొరకలేదు.

జనవరి మీటింగు ఇంక మూడు రోజులుందనగా పొద్దున్నే గేటు ముందు పచ్చ వ్యాను ఆగింది. డ్రైవరు నరేష్ దిగాడు. రెండు చేతులకూ ఇద్దరు ఆడపిల్లలు.

"అక్కా, ఆ బడి ఫీజు కట్టుడు నాతోని కాదు. మా ఆమె కోతకు వోతున్నది. నేను ఊరి పిల్లలందరిని దింపి ఇంటికొచ్చేదాక నా బిడ్డలు తాళమేసిన ఇంట్ల ఉంటున్నరు." తల వంచుకున్నాడు. "సేర్పించుకుంటవా?"

ఎస్తర్ నవ్వలేదు, దెప్పలేదు. పిల్లలిద్దరినీ లోపలికి తీసుకుపోయి పళ్లేలు పెట్టింది. ఆ తర్వాత వంటగది వెనక్కి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని, ఒంటరిగా ఎగిరినంత పని చేసింది. ముప్పై ఒకటి!

నిజామాబాదు హాలు అదే, గోడ మీద చార్టులూ అవే. ఎస్తర్ మాత్రం ఈసారి మూడు గిన్నెల క్యారియరు నిండా పోపన్నం తెచ్చింది. ఉమారాణి హాజరు పట్టీ ముందు పెట్టింది. మల్లికార్జున్ వేలు పెట్టి ఒక్కో పేరూ లెక్కించాడు. చివరి రెండు పేర్లు ఎవరివో తెలిసి, "వ్యాను డ్రైవరు బిడ్డలా!" అని పకపకా నవ్వాడు. హాలంతా నవ్వింది.

కావ్య లేచింది. "మీ ఊళ్లలో కూడా పిల్లలు వ్యాను ఎక్కేది టైము కోసమేనా? అయితే చేతులెత్తండి."

పదకొండు ఊళ్ల ఆడవాళ్లు చేతులెత్తారు. మల్లికార్జున్ ఆ చేతులను లెక్కపెట్టి, లక్ష్యాల కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఇరవై ఆరు రాసినం, ఒక్క తల్లిని అడగలే," అన్నాడు. పంతొమ్మిదో నంబరు కొట్టేశాడు. పైన, మొదటి లక్ష్యం కంటే ముందు, తన చేత్తో రాశాడు: 'తల్లులు పనికి పోయే వేళకు గేటు తెరవాలి.' రాసి, పెద్దగా చదివాడు. చప్పట్లు ఆగలేదు. ఎస్తర్ కళ్లు తుడుచుకుంటూనే ఉంది, ఎంతమంది చూసినా సిగ్గుపడలేదు.

"అక్కా, నువ్వే తియ్యి," అని మల్లికార్జున్ ఎర్ర చార్టు చూపించాడు.

ఆమె చీటీ ఒలిచింది. పచ్చ చార్టు మీద పెడితే నిలబడలేదు. పాత జిగురు ఆరిపోయింది, కావ్య తెచ్చిన సీసాలోదీ గడ్డకట్టింది. ఎవరో టేపు కోసం పరుగెత్తారు. ఎస్తర్ ఆగలేదు. క్యారియరు మూత తీసి నాలుగు మెతుకులు తీసుకుంది. మెదిపి చీటీ వెనక రాసి, 'బలాలు' కింద, అన్నిటికంటే పైన పెట్టి అరచేత్తో అదిమింది. అంచు వెంట పసుపు మరక దిగింది.

"గట్టిగ ఉంటదా?" అన్నాడు మల్లికార్జున్.

"ఊరోళ్ల మెతుకు పటేలా," అంది ఎస్తర్. "ఊడదు."