సర్వర్ మావయ్య మూసిన తలుపులు

మావయ్యకు లోకంలో ఒక్కటే పిచ్చి. ఏ మెషీన్‌ని చూసినా "నీ పనేంటమ్మా?" అని అడగడం, ఆ పనికి అక్కర్లేనిదంతా దాన్లోంచి పీకి పారెయ్యడం.

ఆస్పత్రిలో సర్వర్లన్నీ ఆయన చేతికిందే. చల్లటి గదిలో ఫ్యాన్లు తుమ్మెదల్లా రొద చేస్తుంటే, పచ్చదీపాల వెలుగులో కొత్త మెషీన్ ముందు కూర్చునేవాడు. పక్కన మేనకోడలు. ఈమధ్యే ఇంజినీరుగా చేరింది, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ గదిలో ఆమెకి కళ్ళు తెరిచి ఉండగానే కలలొచ్చేవి.

"ల్యాబ్ రిపోర్టులు దాచే మెషీనుకి పాటల ప్రోగ్రాం ఎందుకే?"

"దాంతోపాటే వచ్చింది మావయ్యా."

"చుట్టం వెంట చుట్టమన్నమాట. పంపించెయ్. మరి ఈ తలుపు?"

"బయటనుంచి లాగిన్ అవడానికి. ఎవరూ అవరనుకో."

"మరి పిచ్చిది ఎవరికోసం తెరుచుకుని కూర్చుంది?" అంటూ, నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినంత మెల్లగా మూసేసేవాడు.

ఇంట్లోనూ అదే వరస. అత్తయ్య కుర్చీ మీద బట్టలు వేస్తే, "కుర్చీ పనేంటి?" అనేవాడు. "మీరు కూర్చుంటే విరగడం" అనేది అత్తయ్య.

ఒకసారి పిచ్చి ముదిరింది. టోకెన్లు ముద్రించే మెషీనుకి టైముతో పనేంటని, గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాం కూడా తీసేశాడు. కరెంటు పోయి వచ్చేసరికి మెషీన్ ఏ కాలంలో ఉందో మరిచిపోయింది. రోగులందరికీ పదేళ్ళ కిందటి తేదీతో టోకెన్లు. "అప్పుడు నాకు మోకాళ్ళ నొప్పి లేదే!" అని ఓ పెద్దాయన సంబరంగా ఇంటిదారి పట్టాడు. మావయ్య వెంటపడి వెనక్కి తీసుకొచ్చాడు.

తన వంతు వచ్చేదాకా మేనకోడలికి ఇదంతా నవ్వులాటే.

"నీ పనేంటమ్మా?"

"అపాయింట్‌మెంట్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటం."

"చూడటమేగా" అని, అపాయింట్‌మెంట్ల మెషీన్లో ఆమెకున్న మార్చే అధికారం, చెరిపే అధికారం తీసేశాడు. సొంత మావయ్యే నమ్మలేదని ఆమె మనసు చివుక్కుమంది. ఆ తర్వాత ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది.

ఓ సాయంత్రం చూస్తే, మధ్యాహ్నం దాకా ఉన్న మర్నాటి అపాయింట్‌మెంట్లన్నీ మాయం. మేనేజరు ఊగిపోతూ వచ్చాడు.

"కొత్తమ్మాయే చెరిపేసుంటుంది. ఇలాంటివాళ్ళని పర్మనెంట్ ఎలా చేస్తాం?"

మావయ్య దాచిన కాపీలోంచి అపాయింట్‌మెంట్లు తిరిగి తెస్తూనే అన్నాడు. "ఆ మెషీన్లో అమ్మాయికి కళ్ళే ఉన్నాయి సార్, చేతుల్లేవు. చేతులున్నది నాకూ మీకూ మాత్రమే. ఆ అధికారం మీరే పట్టుబట్టి తీసుకున్నారు. నేనేమో మధ్యాహ్నమంతా పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నా."

"పాతవి కాస్త సర్దుదామని..." అంటూ మేనేజరు వచ్చిన దారినే పోయాడు.

"నన్ను నమ్మలేదనుకున్నా మావయ్యా."

"నమ్మకపోవడమేంటే? నేను చేరిన కొత్తలో అన్ని అధికారాలూ నా దగ్గరే ఉండేవి. ఏది పోయినా అందరి చూపూ నామీదే. ఆ చూపులు నీకు తగలకూడదనుకున్నా."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. మెల్లగా అంది. "జీతాల మెషీన్లో నాకింకా చేతులున్నాయి మావయ్యా. నువ్వే చూళ్ళేదు."

మావయ్య కుర్చీలోంచి పడబోయాడు. "జీతాల్లోనా? ముందు తీసెయ్యవే తల్లీ!"

తీసేసింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే, ఒళ్ళు దూదిలా తేలిపోతున్నట్టనిపించింది.